పైనే ఉండిపోయిన బంతి

పొద్దున్నే గ్రౌండుకి వెళ్ళగానే లీగత్త చేసే మొదటి పని నీడ ఎక్కడుందో వెతకడం. రెండో పని, దాని పక్కన ఎర్ర బకెట్టు బోర్లించడం. ఆ తర్వాతే మిగతావి. సున్నంతో గీతలు వెయ్యాలి. ఆటగాళ్ళు తొక్కుతూ పరిగెత్తే బేసులు దులిపి వాటి చోట్లలో పెట్టాలి. కుళాయిలో నీళ్ళు వస్తున్నాయో లేదో చూడాలి. బాత్రూం తాళం తీసి, నిన్న ఎవడో పిల్లాడు మర్చిపోయిన సాక్సు పుల్లతో ఎత్తి బయట పడెయ్యాలి. రోజూ ఎవడో ఒకడు ఒక సాక్సు మర్చిపోతాడు. రెండూ ఎవడూ మర్చిపోడు.

నీడ అంటే పెద్దదేం కాదు. అరచేతిలో పట్టేంత ఉంటుంది, గుండ్రంగా. తలెత్తి చూస్తే పైన ఏమీ కనపడదు, ఖాళీ ఆకాశమే. కింద మాత్రం నీడ ఉంటుంది. మబ్బు పట్టిన రోజు కూడా ఉంటుంది. ఒకరోజు కంచె పక్కన, ఇంకోరోజు మూడో బేసు వెనకాల, తాడు తెంచుకున్న మేకపిల్లలాగ తిరుగుతూ ఉంటుంది. అది లీగత్త తమ్ముడు పద్నాలుగేళ్ళప్పుడు కొట్టిన బంతి నీడ. కొట్టాడు, పైకి వెళ్ళింది, ఇంకా దిగలేదు. ఇరవై ఏళ్ళు దాటిపోయింది.

ఆ గ్రౌండులో బంతులు ఆలస్యంగా దిగడం మామూలే. కొన్ని టీ తాగి వచ్చేలోపు దిగుతాయి. కొన్ని మర్నాడు దిగుతాయి. బేస్‌బాల్ లీగు రూల్సులో దానికో రూలు కూడా ఉంది. బంతి దిగేదాకా ఆ ఆట అయిపోయినట్టు కాదు. నేల తాకకముందే అవతలి జట్టువాళ్ళు ఎవరైనా పట్టుకుంటే, కొట్టినవాడు అవుట్. నేల తాకిందా, వాడు చుట్టొచ్చిన పరుగు పరుగే. అప్పటిదాకా వాడు అవుటూ కాదు, గెలిచినట్టూ కాదు. ఆగాలి.

తమ్ముడు ఆగాడు. ఆ రోజు ఫైనల్. పై ఊరి జట్టు మీద గెలవడానికి ఒక్క పరుగు కావాలి, అవుటైతే కప్పు వాళ్ళది. బంతి కొట్టి, బేసులన్నీ చుట్టి, చివరి పలక తొక్కి, నడుం మీద చేతులు పెట్టుకుని తలెత్తి చూశాడు. చీకటి పడేదాకా చూశాడు. అప్పుడు ఎత్తిన తల ఇంకా పూర్తిగా దించలేదని వాళ్ళ ఆవిడ అంటుంది. ఏ పనీ పూర్తి చెయ్యడు. ఇంటి ముందు గోడకి సగం రంగేశాడు, మిగతా సగం ఏళ్ళ తరబడి అలాగే ఉంది. అన్నం ముందు కూర్చుని సగంలో లేచిపోతాడు. "మీ తమ్ముడు తలుపు కూడా సగమే వేస్తాడు వదినా, దొంగలు కూడా మొహమాటపడిపోతారు" అంటుంది ఆవిడ.

లీగత్త అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. తమ్ముడి కూతురు అత్తా అని పిలిచేది. దాన్ని చూసి దాని జట్టులో పిల్లలందరూ పిలిచారు. తర్వాత ఎనిమిది ఊళ్ళ పిల్లలూ, వాళ్ళతో పాటు కొందరు మీసాలున్న తండ్రులూ పిలిచారు. ఎనిమిది ఊళ్ళ నించి ఎనిమిది జట్లు, పదమూడు పద్నాలుగేళ్ళ పిల్లలు. ఏ జట్టు ఏ రోజు ఎక్కడ ఆడాలి, అంపైర్ ఎవరు, వాన పడితే ఏం చెయ్యాలి, బస్సు చెడిపోతే ఎవర్ని బతిమాలాలి, అన్నీ ఆవిడే చూసేది. బతుకుతెరువుకి బట్టలుతికే మెషిన్ల షాపు ఉంది. మెషిన్లు గిరగిరా తిరుగుతుంటే, ఒక చెవికి ఫోను, ఇంకో చెవికి అరచెయ్యి పెట్టుకుని మాట్లాడేది.

"మా వాణ్ణి ఎండలో నిలబెట్టారండీ, నల్లబడిపోయాడు."

"బేస్‌బాల్ ఇంట్లో ఆడరు కదమ్మా."

"మా వాడు కొట్టింది గీతకి లోపలే పడింది. నేను చూశాను."

"మీరు కంచె అవతల కారులో ఉన్నారు కదండీ బాబూ."

ఇలా ఉండేది. ఈ మాటలకి ఆవిడ ఎప్పుడూ భయపడలేదు. మిగతా అన్నిటికీ భయపడేది. ఉరుముకి, ఊడిపోయిన హెల్మెట్టు పట్టీకి, పిల్లాడి కంటికి ఒక్క వేలు పక్కగా వెళ్ళిన బంతికి. పిల్లలందరూ ఇళ్ళకి చేరేదాకా ఆవిడకి ముద్ద దిగేది కాదు.

ఈ ఏడు మాత్రం ఆవిడ భయం అంతా ఒకే చోటికి వచ్చింది.

ఇన్నేళ్ళూ ఆ నీడ బట్ట మీద పడ్డ టీ మరకలాగ పలచగా ఉండేది. తమ్ముడు వేరే ఊళ్ళో ఉద్యోగం చేసినన్నాళ్ళూ మరీ పలచబడి, వెతుక్కోవాల్సి వచ్చేది. అతను ఆ ఉద్యోగం కూడా మధ్యలో వదిలేసి వచ్చి, కూతురి జట్టుకి కోచ్ అయ్యాడు. అప్పట్నించి నీడ చిక్కబడింది. ఈ ఏడు వానలు పోయాక కాటుకలాగ అయింది. తిరగడం కూడా మానేసింది. పొద్దున్నే వెళ్ళి చూస్తే గ్రౌండు మధ్యలో ఉన్న మట్టి దిబ్బ మీదే ఉంటోంది. బంతి విసిరేవాళ్ళు నిలబడేది ఆ దిబ్బ మీదే. తమ్ముడి జట్టులో విసిరేది అతని కూతురే. బుల్లెమ్మ అంటారు. పదమూడు నిండాయి. ఎడంచేతి వాటం. అది విసిరితే బంతి కనపడదు, పట్టుకునేవాడి గ్లవ్‌లో చప్పుడు మాత్రం వినపడుతుంది.

"తాతా, ఇవాళ కూడా దిబ్బ మీదే ఉంది" అంది లీగత్త.

అంపైర్ తాత బెంచీ మీద కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు. తమ్ముడి ఆటకి కూడా ఆయనే అంపైర్. అప్పుడు జుట్టు ఉండేది.

"చూశానమ్మాయ్. దిగే కాలం వచ్చినట్టుంది."

"పిల్ల మీద దిగితే?"

ఇద్దరూ స్కోరు రాసే రేకుల షెడ్డు వంక చూశారు. ఒక బంతి ఒక సీజన్ అంతా పైనే ఉండి ఆ షెడ్డు మీద దిగింది. రేకులో తల పట్టేంత కన్నం పడింది. ఒక్క సీజన్ ఆగిన బంతికే అంత కన్నం పడితే ఇరవై ఏళ్ళు ఆగిన బంతికి ఎంత పడుతుందో ఎనిమిది ఊళ్ళవాళ్ళూ తలో లెక్కా వేసుకున్నారు. అందుకే ఆ బకెట్టు. బకెట్టు పద్ధతి పెట్టింది తమ్ముడే. "ఎవ్వరూ దాని కిందకి వెళ్ళొద్దు. చెయ్యి పెట్టొద్దు. దాని మానాన దాన్ని నేల మీద పడనివ్వండి" అనేవాడు. పిల్లలకి దెబ్బ తగులుతుందనే అంటున్నాడని అందరూ అనుకున్నారు. లీగత్త కూడా అనుకుంది.

*

ఫైనల్‌కి నాలుగు రోజులుందనగా బుల్లెమ్మ జట్టు బట్టల మూట తీసుకుని షాపుకి వచ్చింది. లీగత్త మెషిన్లో బట్టలేసి తిరిగి చూస్తే, పిల్ల గోడ అద్దం ముందు నిలబడి కుడిచేత్తో తల దువ్వుకుంటోంది. దువ్వెన జారి జారి పడుతోంది.

"అదేంటే, ఎడంచెయ్యి ఏమైంది?"

"ఏం కాలేదు."

"ఎత్తు చూద్దాం."

బుల్లెమ్మ ఎత్తింది. చెయ్యి భుజం దాకా వచ్చి ఆగిపోయింది. మొహం మాత్రం నవ్వుతున్నట్టు పెట్టింది. పై పెదవి మీద చెమట పట్టింది.

లీగత్త దువ్వెన అందుకుంది. పిల్లని స్టూలు మీద కూర్చోబెట్టి, తనే చిక్కు తీసి జడ వెయ్యడం మొదలుపెట్టింది.

"ఎన్నాళ్ళ నించి?"

"కాస్త నెప్పే అత్తా. విసిరేటప్పుడు మోచెయ్యి దగ్గర సూది గుచ్చినట్టు ఉంటుంది. విసిరాక తగ్గిపోతుంది."

"ఎక్కడ విసురుతున్నావే అన్ని బంతులు? గ్రౌండులో నేను లెక్కపెడుతూనే ఉన్నా కదా?"

పిల్ల అద్దంలోంచి అత్త వంక చూసి కళ్ళు దించుకుంది. "ఇంటి వెనకాల పరుపు కట్టాడు నాన్న. రోజూ సాయంత్రం."

ఆ లీగులో ఒక రూలు ఉంది, అది లీగత్తే పెట్టించింది. పిల్లలు ఒక రోజుకి ఇన్ని బంతులే విసరాలి, ఆపైన ఒక్కటి కూడా వద్దు, తర్వాత చేతికి సెలవివ్వాలి. లేత ఎముకలు, అరిగితే తిరిగి రావు. ఆటలు జరిగినంతసేపూ ఆవిడ చేతిలో ఒక క్లిక్కరు ఉండేది. పిల్ల బంతి విసిరితే బొటనవేలితో ఒక నొక్కు. ఎనభై అయితే ఆవిడ ఆపమని చెయ్యి ఎత్తాలి. తన సొంత మేనకోడలి చెయ్యి ఇంటి వెనకాల పరుపుకి అరిగిపోతోందని ఆవిడకి తెలీలేదు.

"నాన్నకి చెప్పొచ్చు కదే?"

"చెప్తే ఏమీ అనడు అత్తా. అదే భయం" అంది బుల్లెమ్మ. "పైకి చూస్తూ ఉండిపోతాడు. కొట్టినా బావుండును. నువ్వు చెప్పకు. ఒట్టు."

లీగత్త ఒట్టు వెయ్యలేదు. జడ చివర రబ్బరు చుట్టింది. రెండుసార్లు జారిపోయింది.

"అత్తా, ఇంకోటి" అంది పిల్ల. "ఆ నీడ రాత్రి నా మంచం పక్కన ఉంటోంది."

*

సాయంత్రం తమ్ముడింటికి వెళ్ళింది. సగం రంగేసిన గోడ పక్కన కూర్చుని గ్లవ్‌కి నూనె రాస్తున్నాడు. వాళ్ళ అమ్మ పోయినప్పుడు వాడికి తొమ్మిదేళ్ళు, ఈవిడకి పదకొండు. అప్పట్నించి వాడికి జ్వరం వస్తే ఈవిడే, స్కూల్లో కొట్టుకొస్తే ఈవిడే. ఏనాడూ వాణ్ణి కాదనలేదు. కాదంటే వాడి మొహం ఆ పద్నాలుగేళ్ళ మొహం అయిపోతుంది. అది చూడటం ఆవిడ వల్ల కాదు.

"పిల్ల చెయ్యి నెప్పి అంటోందిరా."

"నెప్పి ఎవరికి లేదక్కా. నాకు మెడ నెప్పి."

"ఎత్తలేకపోతోంది."

"ఈ ఒక్క ఆటా అయిపోనీ. పిల్లల్ని ఎంచుకోడానికి పెద్ద జట్టువాళ్ళు వస్తున్నారు." గ్లవ్ పక్కన పెట్టి ఆవిడ దగ్గరికి జరిగాడు. గొంతు తగ్గించాడు. "అక్కా, నిన్నొకటి అడగనా? ఆ రోజు నీ బొటనవేలు కాస్త నెమ్మదిగా నొక్కితే ఏం పోతుంది? మూడు బంతులకి ఒక నొక్కు మర్చిపోయావనుకో. ఎవరికి తెలుస్తుంది?"

"నా వేలికి తెలుస్తుంది కదరా."

నవ్వుతాడనుకుంది. నవ్వలేదు. "పై ఊరి జట్టే వచ్చింది ఫైనల్‌కి. వాళ్ళేనక్కా" అన్నాడు. మెల్లగా తల పైకెత్తాడు.

అంతే, లీగత్త లేచింది. చెప్పులేసుకుని వచ్చేసింది. దారంతా తనని తను తిట్టుకుంటూనే ఉంది. ఎనిమిది ఊళ్ళ జనాన్ని ఫోన్లో కసిరేదానివి, ఇంట్లో పిల్లి అయిపోయావే అని.

మర్నాడు ఆవిడ చేతనైన పని చేసింది. దిబ్బ కుంగిపోయింది, బాగుచెయ్యాలి అని చెప్పి ఫైనల్‌ని వేరే ఊరి గ్రౌండుకి మార్చేసింది. అదేమో బస్సులో గంట దూరం. నీడ ఇక్కడే ఉండిపోతుంది, పిల్ల అక్కడ ఉంటుంది అనుకుంది. దిబ్బ ఎక్కడ కుంగిందని ఎవరూ అడగలేదు. ఎందుకు మార్చిందో అందరికీ తెలుసు. పై ఊరి కోచ్ కూడా, "మంచి పని చేశావత్తా, మా పిల్లలకీ భయంగానే ఉంది" అన్నాడు. ఆ రాత్రి ఆవిడకి ముద్ద కాస్త కిందకి దిగింది.

*

ఫైనల్ రోజు పొద్దున్నే అందరికన్నా ముందు బస్సు ఎక్కి కొత్త గ్రౌండుకి వెళ్ళింది. అలవాటు కొద్దీ ఎర్ర బకెట్టు కూడా పట్టుకెళ్ళింది. గేటు తీసి లోపలికి చూసింది.

దిబ్బ మీద ఉంది నీడ. నల్లగా, అంచులు కత్తితో కోసినట్టు.

ఆవిడ గేటు దగ్గరే బకెట్టు కింద పెట్టింది.

వెనక వచ్చిన అంపైర్ తాత చాలాసేపు చూశాడు. "అది గ్రౌండుని పట్టుకుని లేదమ్మాయ్. మనిషిని పట్టుకుని ఉంది" అన్నాడు.

"ఆట ఆపేద్దాం తాతా."

"ఏమని ఆపుతావు? నీడ ఉంటే ఆపాలన్న రూలు లేదు కదా. ఇరవై ఏళ్ళు నీడ పక్కనే ఆడాం."

బస్సులు వచ్చేశాయి. పిల్లలు దిగారు, తల్లులు దిగారు, నీళ్ళ డబ్బాలు దిగాయి. బుల్లెమ్మ దిగింది. జడ వంకరగా ఉంది, కుడిచేత్తో వేసుకుంది. దిబ్బ వంక చూసింది, అత్త వంక చూసింది, వెళ్ళి జట్టులో కూర్చుంది.

ఆట మొదలైంది. బుల్లెమ్మ దిబ్బ ఎక్కింది. నీడ దాని ఎడంకాలి పక్కన కుక్కపిల్లలాగ కూర్చుంది. లీగత్త కంచె పక్కన క్లిక్కరు పట్టుకుని నిలబడింది. పిల్ల విసిరింది, ఈవిడ నొక్కింది. విసిరింది, నొక్కింది. విసిరిన ప్రతిసారీ పిల్ల మోచెయ్యి ఒక్క క్షణం ఒంటికి అతుక్కునేది. అది కంచె ఇవతల ఈవిడకి తప్ప ఎవరికీ కనపడలేదు. జనం చప్పట్లు కొడుతున్నారు. పెద్ద జట్టువాళ్ళు ముందు వరసలో కూర్చుని తలలూపుతున్నారు.

లీగత్త తమ్ముడి వంక చూసింది. అతను ఇవాళ పైకి చూడట్లేదు. కూతురి మీంచి చూపు తియ్యట్లేదు. కూతురు నీళ్ళు తాగడానికి బెంచీ దగ్గరికి వచ్చింది. అతని కళ్ళు దాని వెంటే వచ్చాయి. దిబ్బ మీద నుంచి నీడ కూడా వచ్చింది. కూతురు తిరిగి దిబ్బ మీదకి వెళ్ళింది. కళ్ళు వెళ్ళాయి. నీడా వెళ్ళింది.

అప్పుడు తెలిసింది ఆవిడకి. బంతి పిల్లని పట్టుకుని లేదు. తనని కొట్టినవాడి చూపుని పట్టుకుని ఉంది, వాడు ఎదురుగా లేనప్పుడు వాడి ధ్యాసని. ఇన్నాళ్ళూ వాడి చూపు ఎక్కడా ఆగలేదు కాబట్టి అదీ ఆగలేదు. ఇప్పుడు వాడు ఒక్క దాన్నే చూస్తున్నాడు.

క్లిక్కరు మీద ఎనభై పడింది.

ఆట ఇంకా మిగిలే ఉంది. పై ఊరివాళ్ళు ఒక్క పరుగు వెనక ఉన్నారు. తమ్ముడు కంచె వైపు తిరిగి అక్క బొటనవేలి వంక చూశాడు. బతిమాలుతున్నట్టు చూశాడు. తర్వాత కూతురికి వేలు చూపించాడు, ఇంకొక్కటి అని.

బుల్లెమ్మ చెయ్యి వెనక్కి తీసింది. సగంలో ఆగిపోయింది. బంతి దిబ్బ మీద జారి పడింది.

లీగత్త ఎప్పుడు కంచె దాటిందో ఆవిడకే తెలీదు. క్లిక్కరు జేబులో ఉంది, చేతిలో ఎర్ర బకెట్టు ఉంది. అంతమంది జనం ముందు నడుచుకుంటూ వెళ్ళి, దిబ్బ మీద బకెట్టు బోర్లించింది.

"అక్కా, బకెట్టు తియ్యి" అన్నాడు తమ్ముడు గీత దగ్గర నించి.

"తియ్యను."

"అక్కా."

"తియ్యనురా. ఎనభై అయ్యాయి. నా వేలు మర్చిపోలేదు."

జనం చప్పట్లు ఆగిపోయాయి. తమ్ముడి మొహం మారిపోవడం మొదలైంది. ఆ పద్నాలుగేళ్ళ మొహం. లీగత్త కళ్ళు పక్కకి తిప్పుకోబోయింది, అప్పుడు వినపడింది చప్పుడు. చాలా పైన ఎక్కడో, టీ కెటిల్ ఈల వేసినట్టు. సన్నగా. మెల్లమెల్లగా పెద్దదవుతూ.

"దిగుతోందీ!" అని ఎవరో అరిచారు.

పిల్లలు నాలుగు వైపులా పరిగెత్తారు. కుర్చీలు పడిపోయాయి. తల్లులు కంచె మీంచే పిల్లల్ని లాక్కున్నారు. బుల్లెమ్మ మాత్రం కదల్లేదు. లీగత్త దాని నడుం పట్టుకుని రెండడుగులు లాగింది. నీడ రెండడుగులు వచ్చింది. ఇటు లాగింది. ఇటు వచ్చింది.

"ఒరే, దాన్ని చూడకురా! కళ్ళు మూసుకో!"

వాడు మూసుకోలేకపోయాడు. ఏ తండ్రి మూసుకోగలడు అప్పుడు?

లీగత్త పిల్ల కుడిచేతి గ్లవ్ లాగేసింది. ఎడంచేతి వాటం పిల్ల కదా, గ్లవ్ కుడిచేతికి ఉంటుంది. ఆ చేత్తో పట్టడం ఈవిడకి అలవాటు లేదు. అయినా తొడుక్కుంది. పిల్లని నేల మీద కూర్చోబెట్టి, దాని మీదకి గొడుగులాగ వంగి నిలబడి, గ్లవ్ పైకెత్తింది.

"అక్కా! పట్టుకోకు!" తమ్ముడు పరిగెత్తుకొస్తున్నాడు. అది పెద్దవాడి గొంతు కాదు. "పట్టుకోకక్కా, నేల తాకనివ్వు! నేల తాకితే నేను గెలుస్తానక్కా!"

ఇరవై ఏళ్ళుగా బకెట్టు ఎందుకు పెట్టించాడో అప్పుడు అర్థమైంది ఆవిడకి. ఏడుపొచ్చింది. పాపం వెర్రి నాగన్న, అనుకుంది. ఈల చెవుల్లో మోగిపోతోంది. రేకులో పడ్డ కన్నం కళ్ళ ముందు కనపడింది. పళ్ళు బిగించి, కళ్ళు గట్టిగా మూసుకుంది. చెయ్యి మాత్రం దించలేదు.

టప్.

అంతే చప్పుడు.

కాసేపటికి ఒక కన్ను తెరిచింది. చెయ్యి ఉంది. తల ఉంది. కింద బుల్లెమ్మ ఉంది, ఆవిడ చీర కుచ్చిళ్ళు రెండు గుప్పిళ్ళతో పట్టుకుని. గ్లవ్‌లో బంతి ఉంది. పాత బంతి, కుట్లు ఎర్రగా అలాగే ఉన్నాయి. కొంచెం చల్లగా ఉంది. నేల మీద ఎక్కడా నీడ లేదు.

అంపైర్ తాత మెల్లగా నడిచొచ్చి గ్లవ్‌లోకి తొంగి చూశాడు.

పై ఊరి కోచ్ గొంతు సవరించుకున్నాడు. "అత్త ఆటలో లేదు కదా తాతా? చెల్లుతుందా?"

"ఏ ఆటలో? ఇవాళ్టి ఆటలో లేదు" అన్నాడు తాత. "ఆ ఆటలో ఉంది. ఆ రోజు మీ ఊరికి ఒకళ్ళు తక్కువైతే, ఆట చూడ్డానికి వచ్చిన ఈ పిల్లని, వయసు దాటినా, అడిగి కుడివైపు చివర నిలబెట్టాం. బంతులు రాని చోటులే అని. ఆ ఆట ఇంకా అవ్వలేదు కదా. ఇన్నేళ్ళూ అక్కడే నిలబడి ఉన్నట్టు లెక్క."

పిడికిలి ఎత్తాడు. గట్టిగా అరవలేదు. పక్కింటివాళ్ళకి కబురు చెప్పినట్టు అన్నాడు.

"అవుట్."

తమ్ముడు దిబ్బ ముందు ఆగిపోయాడు. రొప్పుతున్నాడు. లీగత్తకి మళ్ళీ భయం వేసింది, బంతికన్నా ఎక్కువ భయం. అయినా ఈసారి కళ్ళు తిప్పుకోలేదు.

"నేను అవుటా అక్కా?"

"అవుట్ రా తమ్ముడూ."

అతను బంతి వంక చూశాడు. అలా చూస్తూ ఉంటే మొహంలోంచి ఆ పద్నాలుగేళ్ళవాడు మెల్లగా దిగి వెళ్ళిపోయాడు. చెంపల దగ్గర తెల్ల వెంట్రుకలు, కళ్ళ కింద ముడతలు, అన్నీ ఒక్కొక్కటిగా వచ్చి కూర్చున్నాయి. దిబ్బ అంచున కూలబడ్డాడు.

"హమ్మయ్య" అన్నాడు. "కాళ్ళు లాగేస్తున్నాయక్కా. ఎంతసేపు నిలబడ్డానో."

అప్పుడు పక్కకి చూశాడు. కూతురు కనపడింది. ఎడంచేతిని కుడిచేత్తో పొట్టకి ఆనించి పట్టుకుని ఉంది.

"అదేంటే, చెయ్యి అలా పెట్టుకున్నావు?"

"ఎత్తలేను నాన్నా."

"ఎప్పట్నించి?"

బుల్లెమ్మ అత్త వంక చూసింది. అత్త తలూపింది.

"చాలా రోజుల్నించి."

తమ్ముడు దాని మోచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. వేడిగా ఉంది. పెద్ద జట్టువాళ్ళు ముందు వరసలోంచి చూస్తున్నారు. అతను వాళ్ళ వంక చూడలేదు, పైకీ చూడలేదు. "వేరే పిల్లాణ్ణి పంపండి. నా కూతురు ఇంక ఆడదు" అని బెంచీ వైపు కేకేశాడు.

వేరే పిల్లాడు వచ్చాడు, విసిరాడు, పై ఊరివాళ్ళు వరసగా కొట్టారు. తమ్ముడి జట్టు ఓడిపోయింది. కప్పు పై ఊరికి వెళ్ళింది. ఆ పాత ఫైనల్ కప్పు కూడా వాళ్ళదే అని తేలింది కాబట్టి దాన్నీ ఇచ్చేశారు. లీగు బీరువాలో చాలా చోటు ఖాళీ అయింది.

మర్నాడు పొద్దున్న లీగత్త తన గ్రౌండుకి వెళ్ళి, అలవాటు కొద్దీ చుట్టూ వెతికి, నవ్వుకుని, షెడ్డు దగ్గరికి వచ్చింది. అంపైర్ తాత నిచ్చెన వేసుకుని కన్నం పడ్డ రేకు మారుస్తున్నాడు. "ఇదిగో చూడమ్మాయ్, వేలు పెడితే విరిగిపోతోంది" అని ముక్క విరిచి చూపించాడు. "మూల నించి మూలకి తుప్పే. పిచ్చుక వాలినా కన్నం పడేది."

బెంచీ మీద బుల్లెమ్మ కూర్చుని ఉంది. నిన్న సాయంత్రమే చూసిన డాక్టరు వచ్చే రెండు సీజన్లూ విసరొద్దన్నాడు. ఇంకో నెల ఆగి వచ్చుంటే ఎప్పటికీ వద్దనేవాణ్ణి అన్నాడట. లీగత్త ఎర్ర బకెట్టు తెచ్చింది. మొదటిసారి దాన్ని నిటారుగా పెట్టి, మంచుగడ్డలు, నీళ్ళు పోసి, పిల్ల మోచేతిని అందులో ముంచింది.

"అబ్బా, చల్లగా ఉందత్తా!"

"ఉంటుంది. కదలకు."

వీధిలోంచి బ్రష్షు గోడకి రాస్తున్న చప్పుడు వినపడుతోంది. తమ్ముడిల్లు గ్రౌండు పక్కనే. పొద్దున్న లేచి అన్నం పూర్తిగా తిని రంగు డబ్బా తీశాడని మరదలు చెప్పింది. చెప్తూ కళ్ళు తుడుచుకుంది.

"అత్తా" అంది బుల్లెమ్మ. "చేతిలో పడ్డప్పుడు ఎలా ఉంది? చచ్చేంత గట్టిగా తగిలిందా?"

లీగత్త తన కుడిచేతి అరచెయ్యి తిప్పి చూసుకుంది. కొంచెం కూడా ఎర్రబడలేదు.

"లేదే" అంది. "పద్నాలుగేళ్ళ పిల్లాడు కొట్టిన బంతి కదా. అంతే ఉంది."